పాల కేంద్రంలో పిల్లల పుస్తకాల పెట్టె

కొన్నేళ్ల క్రితం తనిఖీ నిమిత్తం ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘానికి వెళ్లాను. స్టాకు రిజిస్టరు చూస్తుండగా పాల క్యాన్లు, లాక్టోమీటరు, దాణా బస్తాల పద్దుల కింద "పిల్లల పుస్తకాలు - 60" అని మరో పద్దు కనిపించింది. ఆ ఊరి నుంచి పట్నం వెళ్లి స్థిరపడిన ఒకాయన సంఘానికి ఉచితంగా ఇచ్చిన పుస్తకాలవి. లెక్కపెడితే 43 మాత్రమే ఉన్నాయి. మిగిలిన 17 పిల్లల ఇళ్లలో ఉన్నాయనీ, కొన్ని చిరిగిపోయాయనీ కార్యదర్శి గారు చెప్పారు. నేను అలవాటు ప్రకారం "17 పుస్తకాలు లోటు. బాధ్యుల నుండి రాబట్టవలెను" అని నివేదికలో రాసి సంతకం చేశాను.

మరుసటి సంవత్సరం వెళ్లేసరికి 60 పుస్తకాలూ ఉన్నాయి. పోయినవాటి బదులు కార్యదర్శి గారు తన డబ్బుతో వేరే పుస్తకాలు కొని లెక్క సరిచేశారు. పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది, తాళంచెవి కార్యదర్శి గారి మొలతాడుకు ఉంది. ఆ ఏడాదిలో ఒక్క పుస్తకం బయటకు పోలేదు, ఒక్క పిల్లవాడూ చదవలేదు. అభ్యంతరం తీరింది, పని ఆగిపోయింది. ఆ తాళం వేసింది కార్యదర్శి గారే అయినా, వేయించినది నా కలమే.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. పల్లెల్లో పిల్లలకు పుస్తకాలు లేవని అందరం అంటాం. నిజానికి ఈనాడు ఉచితంగానో, అతి తక్కువ ఖర్చుతోనో మంచి పుస్తకాలు సంపాదించడం అంత కష్టం కాదు. అవి పిల్లల చేతికి వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లే ఏర్పాటు లేకపోవడమే కష్టం. ఆ ఏర్పాటు చేయగల సంస్థ గ్రామంలో ఒకటుంటే అది పాల సంఘమే. ఎందుకో, ఎట్లాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

పాల సంఘమే ఎందుకు?

బడి సెలవుల్లో మూతపడుతుంది. శాఖా గ్రంథాలయం చాలా ఊళ్లకు దూరం. పాల కేంద్రం మాత్రం ఏడాది పొడుగునా ఉదయం, సాయంత్రం తెరచి ఉంటుంది. గేదెకు వేసవి సెలవులు లేవు గదా. ప్రతి సభ్యునికీ ఒక నంబరు ఉంది, పాస్‌బుక్ ఉంది. రోజూ లెక్క రాసే అలవాటు ఉంది. అన్నిటికీ మించి, సాయంత్రం పాలు తెచ్చేవారిలో పిల్లలు చాలామంది. ఖాళీ గిన్నెతో ఇంటికి పోయే పిల్ల చేతిలో ఒక పుస్తకం పెట్టడానికి కొత్త భవనమూ అక్కరలేదు, కొత్త ఉద్యోగీ అక్కరలేదు.

అవసరం ఎంత ఉందో కూడా చూద్దాం. దేశంలోని గ్రామీణ ప్రాంతాల పిల్లల చదువుపై "అసర్" అనే సర్వే జరుగుతూ ఉంటుంది. అయిదవ తరగతి పిల్లల్లో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో నూటికి 50.5 మంది. కరోనా కాలంలో బడులు మూతపడిన తరువాత 2022లో అది 42.8కి పడిపోయింది. 2024 నాటికి కొంత కోలుకున్నా సగానికి చేరలేదు. అంటే అయిదేళ్లు బడికి వెళ్లిన పిల్లల్లో సగానికి పైగా రెండవ తరగతి వాచకం తడుముకుంటున్నారు. రేపు మన పాస్‌బుక్కులు, వెన్న శాతం చీటీలు, బ్యాంకు కాగితాలు చదువుకోవలసినవారు ఈ పిల్లలే. చదవడం అనేది చదివితేనే వస్తుంది. పాఠ్యపుస్తకం ఒక్కటే ఉన్న ఇంట్లో చదవడానికి ఇంకేమున్నది?

ఇది సంఘానికి సంబంధించిన పని కాదని కొందరు అనవచ్చు. సహకారోద్యమ చరిత్ర అట్లా చెప్పడం లేదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది కార్మికులు కలిసి పెట్టిన సహకార దుకాణం నేటి సహకార సంఘాలకు మాతృక. అందులో నేత పనివారు అనేకులు. తమ మిగులులో నూటికి రెండున్నర వంతు చదువు కోసం కేటాయించడం, సభ్యులకు పఠన మందిరం, గ్రంథాలయం నడపడం ఆ సంఘం పెట్టుకున్న ఆనవాయితీ. పిండి, వెన్న అమ్మినవారే పుస్తకాలూ అందించారు. అంతర్జాతీయ సహకార సమితి 1995లో ప్రకటించిన ఏడు సహకార సూత్రాలలో అయిదవది విద్య, శిక్షణ, సమాచారం.

మన ప్రాంతంలో జరిగిన పని

ఈ విషయంలో మన పెద్దలు ఎవరికీ తీసిపోలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా ఆ ఉద్యమానికే ధారపోశారు. 1918లో వేటపాలెంలో స్థాపించిన సారస్వత నికేతనం నేటికీ ఉంది. తెలంగాణలో 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది.

వీటన్నిటిలో మనకు దగ్గరగా అనిపించేది గుంటూరు జిల్లాలో 1935లో నడిచిన పడవ గ్రంథాలయం. పాతూరి నాగభూషణం గారు, పెదపాలెంలోని వారి సహచరులు పుస్తకాల పెట్టెలను పడవలో పెట్టి, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ తిప్పారు. రోడ్డు లేని ఊళ్లకు కాలువే దారి. పడవ ఎట్లాగూ వెళుతుంది. ఆ పోయే పడవలోనే పుస్తకం కూడా వెళ్లింది. ఇందులో మనం నేర్చుకోవలసినది ఇదే: ఊరికి ఇప్పటికే ఉన్న రాకపోకను పుస్తకానికి వాడుకోవాలి. ఆనాడు అది కాలువ పడవ, ఈనాడు మనకు అది పాల కేంద్రం.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

1. జిల్లా గ్రంథాలయ సంస్థ: ముందుగా మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అంటే పుస్తకాల కోసం మీరు ఇప్పటికే డబ్బు కట్టారు. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కరలేదు. శాఖా గ్రంథాలయం లేని ఊళ్లలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు నడిపే పద్ధతి ఈ సంస్థలకు ఉంది. మీ సంఘం తీర్మానం జతచేసి, పాల కేంద్రంలో అటువంటి కేంద్రం కోరుతూ దరఖాస్తు పెట్టండి.

2. స్వేచ్ఛగా అచ్చు వేసుకోగల పుస్తకాలు: 2004లో బెంగుళూరులో మొదలైన ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015లో "స్టోరీవీవర్" అనే వేదికను ప్రారంభించింది. తెలుగుతో సహా వందలాది భాషల్లో బొమ్మల కథలు అందులో ఉన్నాయి. ఫోనులో చదువుకోవచ్చు, దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఇవి "క్రియేటివ్ కామన్స్" అనుమతి కింద ఇచ్చినవి. రచయిత, చిత్రకారుడు, ప్రచురణకర్త పేర్లు, అనుమతి వివరం తీసివేయకుండా ఉంచితే చాలు, మళ్లీ ఎవరినీ అడగనక్కరలేదు. కథలను చదివే స్థాయిని బట్టి నాలుగు తరగతులుగా విభజించారు. మొదటి తరగతిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే ఉంటాయి. మండల కేంద్రంలోని జిరాక్సు దుకాణంలో నలుపు తెలుపులో తీయించి, మధ్యలో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేస్తే గట్టి పుస్తకం అవుతుంది.

3. కాలపరిమితి తీరిన రచనలు: మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు కాపీరైటు ఉంటుంది. పిల్లల కోసం విరివిగా రాసిన చింతా దీక్షితులు గారు 1960లో మరణించారు. కాబట్టి ఆయన జీవితకాలంలో ప్రచురించిన రచనలను 2021 నుంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అయితే బొమ్మల హక్కు వేరుగా ఉంటుంది, దాన్ని చూసుకోవాలి. హక్కు ఉన్న పుస్తకాన్ని జిరాక్సు తీసి పంచడం మాత్రం తగదు. పక్క ఊరి పాలు మన ఖాతాలో పోసుకోవడం వంటిదే అది.

4. తక్కువ ధర పుస్తకాలు: 1957లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో తెలుగులోనూ బొమ్మల పుస్తకాలు వేసింది. సికింద్రాబాదులోని "మంచి పుస్తకం" సంస్థ చిన్న పుస్తకాలు, ఒకప్పుడు సోవియట్ యూనియన్ నుంచి తెలుగులో వచ్చిన పిల్లల కథలు అందుబాటు ధరకు ప్రచురిస్తున్నది. ఇవి ఉచితం కావు. కానీ సంఘం కొని ఉచితంగా చదవనిస్తే పిల్లలకు ఉచితమే.

డబ్బు మాటకొస్తే ఒక సంగతి గుర్తుచేస్తాను. 1976లో వచ్చిన శ్యామ్ బెనెగల్ గారి "మంథన్" సినిమాకు గుజరాత్‌లోని 5 లక్షల మంది పాల ఉత్పత్తిదారులు తలా రెండు రూపాయలు ఇచ్చి నిర్మాతలయ్యారు. రెండేసి రూపాయలతో సినిమా తీసినవారు పాల రైతులే. ఒక పుస్తకాల పెట్టె మనకు భారమా? మీ బైలాసులో విద్యకో, సామాన్య శ్రేయస్సుకో లాభంలో కొంత కేటాయించే వీలుంటే, మహాజన సభ తీర్మానంతో ఆ పద్దు కింద ఖర్చు పెట్టవచ్చు. 1964 చట్టం కింద రిజిస్టరైన సంఘమా, 1995 పరస్పర సహాయ సంఘాల చట్టం కిందిదా అన్నది చూసుకొని, దానికి తగినట్లు తీర్మానం రాసుకోండి.

ఎటువంటి పుస్తకాలు?

దాతలు ఇచ్చినవన్నీ పెట్టెలో పెట్టేయడం పొరపాటు. పాత గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, అర్థంకాని పెద్ద గ్రంథాలు మొహమాటం లేకుండా తిప్పి పంపండి. విరిగిన పాలను డబ్బాలో పోయనివ్వం గదా.

రెండవ మాట ఇంకా ముఖ్యం. పిల్లల పుస్తకాలనగానే రాజు, మంత్రి, రాకుమారి, అడవిలో సింహం గుర్తుకొస్తాయి. అవీ ఉండాలి, పిల్లలకు ఇష్టమే. కానీ మీ కేంద్రానికి పాలు పోసే ఇళ్లు తలచుకోండి. గొర్రెలు కాసే ఇల్లు, మాదిగవాడలో ఒక్క గేదెను సాకే ఇల్లు, సాయబుల ఇల్లు, తండా నుంచి సైకిలు మీద వచ్చే పిల్లవాడు, కాలు సరిగా లేక అన్న భుజం మీద వచ్చే చెల్లెలు. వీరి ఇల్లు, వీరి వంట, వీరి మాట ఎన్నడూ కనిపించని పుస్తకాన్ని వీరు తమదనుకోవడం కష్టం. తమ వంటి పిల్ల కథలో కనబడినప్పుడు "ఇది మన గురించే" అని దగ్గరకు తీసుకుంటారు. తక్కిన పిల్లలకూ అది మేలే. పక్క వాడలోని ఇల్లు ఎట్లా ఉంటుందో, అక్కడ అడుగుపెట్టకముందే తెలుస్తుంది.

ఈ లోటు గుర్తించినవారు ఉన్నారు. హైదరాబాదులోని అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో దళిత, ముస్లిం తదితర ఇళ్ల పిల్లల జీవితాలపై కథల పుస్తకాలు తయారుచేసి తెలుగుతో పాటు మలయాళం, ఇంగ్లీషులలో తెచ్చింది. భాష విషయంలోనూ అంతే. 2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒరియా, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు ప్రాథమిక చదువు ప్రారంభించింది. ఇంట్లో మాట్లాడే మాటతో మొదలుపెడితే అక్షరం త్వరగా పట్టుబడుతుందన్నది అందులోని సూత్రం. మీ ఊళ్లో లంబాడీ, కోయ, ఉర్దూ, లేదా సరిహద్దున కన్నడం, ఒడియా, తమిళం మాట్లాడే ఇళ్లుంటే ఆ భాషల పుస్తకాలు నాలుగైనా పెట్టెలో ఉండాలి.

మన సంఘంలో సభ్యత్వానికి కులం, మతం అడగం. క్యాన్‌లో పోసిన తరువాత ఏ ఇంటి పాలో ఎవరూ చెప్పలేరు. పెట్టెలోని పుస్తకాలకు మాత్రం దీనికి తారుమారు కావాలి. ఏ ఇంటి కథ ఆ ఇంటిదిగా కనబడాలి, కానీ ప్రతి ఇంటికీ వెళ్లాలి.

నడిపే పద్ధతి

ఎ) 50 పుస్తకాలతో మొదలుపెట్టండి. అందులో సగం బొమ్మలు ఎక్కువ, మాటలు తక్కువ ఉన్నవి కావాలి. చదవడం రాని తల్లి కూడా బొమ్మలు చూపి బిడ్డకు కథ చెప్పగలగాలి.

బి) ఉదయం పూట ఇవ్వవద్దు. క్యాన్ల బండి వచ్చే తొందరలో కార్యదర్శికి గాని టెస్టరుకు గాని తీరిక ఉండదు. సాయంత్రం వేళ, పాలు పోయడం ముగిశాక అరగంట చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివే ఇద్దరు పిల్లలకు ఈ పని అప్పగించండి. వారిలో ఒకరు ఆడపిల్ల కావాలి.

సి) రిజిస్టరులో అయిదు గడులు చాలు: తేదీ, పుస్తకం నంబరు, సభ్యుని నంబరు, పిల్ల పేరు, తిరిగి వచ్చిన తేదీ. ఒక పిల్లకు ఒకసారి ఒకే పుస్తకం. సభ్యత్వం లేని ఇళ్ల పిల్లలకు కూడా ఇవ్వండి. వారికి విడిగా నంబరు వేయండి.

డి) పాల కేంద్రంలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. పెట్టె నేల మీద పెట్టరాదు, గోడకు బల్ల కొట్టించి పైన ఉంచాలి. వీలైతే గోడ పొడవునా తాడు కట్టి పుస్తకాలు అట్టలు కనబడేట్లు దాని మీద వేలాడదీయండి. పిల్లలు అట్ట చూసి ఎంచుకుంటారు. నెలకొకసారి ఎండ తగలనివ్వండి. వేపాకు ఉంచితే పురుగు తక్కువ పడుతుంది.

ఇ) వారానికొక సాయంత్రం ఒకరు పైకి చదివితే మిగతావారు వినాలి. పెద్దలు తమకు తెలిసిన కథలు చెబితే పిల్లల చేత రాయించి, బొమ్మలు వేయించి, కుట్టి పెట్టెలో చేర్చండి. మీ ఊరి కథల పుస్తకం ఏ దాతా ఇవ్వలేడు.

పోయిన పుస్తకం సంగతి

ఇప్పుడు మళ్లీ ఆ 17 పుస్తకాల దగ్గరకు వస్తాను. పుస్తకం అరుగుతుంది, చిరుగుతుంది, కొన్ని పోతాయి. పాలకు తరుగు ఉందని పాలు పోయడం మానలేదు గదా. ప్రభుత్వమే ఈ సంగతి ఒప్పుకుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం ప్రభుత్వ గ్రంథాలయాలలో ఏడాదికి ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం, మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకు, సహజమైన నష్టంగా భావించవచ్చు. అది పెద్దలు చదివే గ్రంథాలయాల లెక్క. పసిపిల్లలు, పశువుల కొట్టాలు, వానలు ఉన్న చోట ఇంకొంచెం ఎక్కువే పోతుంది.

కావున మహాజన సభలో ముందే ఒక తీర్మానం చేయండి. పిల్లల పుస్తకాలు వాడకంలో అరిగే సరుకు అనీ, ఏడాదికి నూటికి ఇన్ని వరకు చిరిగినా పోయినా పాలకవర్గం పరిశీలించి పద్దు నుంచి తీసివేయవచ్చుననీ, దాన్ని కార్యదర్శి జీతం నుంచి గాని, సభ్యుని పాల బిల్లు నుంచి గాని కోయరాదనీ అందులో స్పష్టంగా ఉండాలి. నా అనుభవంలో నూటికి పది అని పెట్టుకోవడం సబబు. తనిఖీకి వచ్చినవారికి చూపడానికి అది ఆధారం. పాల బిల్లులో కోత పడుతుందని తెలిస్తే ఏ తల్లీ తన బిడ్డ చేతికి పుస్తకం తీసుకోనివ్వదు. ఆ భయం ముందుగా పేద ఇళ్లలోకే చేరుతుంది. ఎవరికి పుస్తకం ఎక్కువ అవసరమో వారే దూరమవుతారు.

ఆ సంఘానికి మూడవసారి వెళ్లినప్పుడు అధ్యక్షుల వారి సమక్షంలో కార్యదర్శి గారికి నా పొరపాటు చెప్పాను. పాలకవర్గం తీర్మానం రాసుకున్నది. బీరువా తెరిస్తే నాలుగు పుస్తకాలను చెదలు తినేసింది. చదివిన పిల్లలు చించినవి పోయాయని లోటు రాశాను. ఎవరూ చదవక చెదలు తిన్నవాటిని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు తనిఖీకి వెళ్లినప్పుడు పుస్తకాల స్టాకు ఎంత అని ముందుగా అడగను. ఇచ్చిన రిజిస్టరు చూపమంటాను. ఆ పేజీలు నిండి ఉంటే, పెట్టెలో నాలుగు తక్కువైనా ఆ సంఘం లెక్క సరిగా ఉన్నట్టే. ఈ ఏడాది మీ మహాజన సభ ఎజెండాలో లాభాల పంపకం, దాణా ధర, బోనసులతో పాటు "పిల్లల పుస్తకాల పెట్టె" అనే అంశం కూడా చేర్చవలసిందిగా సభ్యులను, పాలకవర్గాలను కోరుతున్నాను.